సగం కాయిల్‌కు చింతలపల్లి, పూర్తి కాయిల్‌కు ఘన్‌పూర్

నేను చేసిన లెక్క ఒప్పు. దాన్ని తప్పని ఎర్ర సిరాతో కొట్టేసి, పది మార్కులు తీసేసి, నన్ను ఫెయిల్ చేశారు. ఆ పది కలిస్తే నేను పాసయ్యేవాణ్ణి, సొంతంగా ఎలక్ట్రికల్ షెడ్డు పెట్టుకునే పర్మిట్ చేతికొచ్చేది. తప్పు నాది కాదు, పరీక్షకు ఆధారంగా పెట్టుకున్న పుస్తకానిది. ఆ పుస్తకం ఆ తర్వాత ఎన్నిసార్లు అచ్చయిందో అన్నిసార్లూ ఆ తప్పు కూడా అచ్చయింది. అట్ట మీది బొమ్మ మారింది, కాగితం తెల్లబడింది, లోపల తప్పు మాత్రం వేసిన చోట వేసినట్టే ఉంది.

ముందు ఆ లెక్క ఏమిటో చెప్తాను. లెక్కలంటే భయపడేవాళ్లు కూడా చదవచ్చు, ఇందులో ఎక్కాలకు మించిన విద్య లేదు, ఇంగ్లీషు మాటల అర్థం ముందు ముందు తెలుస్తుంది. ఇనుప కోర్ మీద ఐదు వందల చుట్లు చుట్టిన ఒక కాయిల్ ఉంది. దాని ఇండక్టెన్స్ రెండు హెన్రీలు, రెసిస్టెన్స్ పది ఓములు. అదే కోర్ మీద, అదే తీగతో, అదే దిక్కుకు ఇంకో ఐదు వందల చుట్లు చుట్టి మొదటిదానికి వరసగా కలిపారు. ఇప్పుడు మొత్తం ఇండక్టెన్స్ ఎంత, టైమ్ కాన్‌స్టెంట్ ఎంత? పుస్తకం ఏమందంటే, రెండూ రెండూ నాలుగు హెన్రీలు, పదీ పదీ ఇరవై ఓములు, నాలుగును ఇరవైతో భాగిస్తే సున్నా పాయింట్ రెండు సెకన్లు. అంటే కాయిల్ రెండింతలైనా టైమ్ కాన్‌స్టెంట్ ఎక్కడిదక్కడే ఉందన్నమాట. నేను రాసింది ఎనిమిది హెన్రీలు, సున్నా పాయింట్ నాలుగు సెకన్లు. ఆనాడూ అదే చెప్పాను, ఈనాడూ అదే చెప్తున్నాను.

ఇన్నేళ్లకు ఈ గొడవ మళ్లీ నెత్తికెక్కింది మహబూబాబాద్ పోవడం వల్ల. నేనిప్పుడు ఉండేది భూపాలపల్లిలో. నాకు పని నేర్పిన యాకయ్య మేస్త్రి పోయి చాలా కాలమైంది. ఆయన కొడుకు మహబూబాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు, ఒకసారి చూసి రారాదా అని మా ఆమె పోరుపెడితే పోయిన ఎండాకాలం బస్సెక్కాను. మేస్త్రి మనవరాలు స్వప్న ఎలక్ట్రికల్ డిప్లొమా ఆఖరు సంవత్సరం చదువుతోంది. అన్నాలు తిన్నాక ఆ పిల్ల బల్ల మీద నీలం అట్ట పుస్తకం ఒకటి కనిపించింది. పేరు చదవగానే గుర్తుపట్టాను, నన్ను ఫెయిల్ చేయించిన పుస్తకమే. కళ్లజోడు తుడుచుకుని ప్రేరకత్వం అధ్యాయం తీశాను. ఇండక్టెన్స్‌కు పుస్తకాలవాళ్లు పెట్టిన పేరు అది. లెక్క అక్కడే ఉంది. అదే ఐదు వందల చుట్లు, అదే పది ఓములు.

"గీ లెక్క మీకు చెప్పిన్రా బిడ్డా?" అని అడిగాను.

"చెప్పిన్రు తాతా. నాలుగు హెన్రీలు."

"నాలుగు గాదు, ఎనిమిది."

పిల్ల నా ముఖం చూసింది, పుస్తకం వెనక పేజీలు తిప్పి చూసింది. "ఈడ నాలుగనే ఉన్నది గద" అంది. వినయంగానే అంది, కానీ సరిగ్గా ఈ మాటే నేను వయసులో ఉన్నప్పుడు ఒక ఆఫీసరు అంటే నేను పర్మిట్ పోగొట్టుకున్నాను. "మీ తాత ఉంటే నీ పుస్తకాన్ని ఆయిల్ డ్రమ్ముల ముంచుతుండె" అన్నాను. అంతటితో ఆగానా, సాయంత్రం దాకా కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఆ పిల్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మాది నర్మెట్ట దగ్గర పల్లె. ఏడో తరగతి తర్వాత చదువు ఆగిపోయింది. మా బాపు ఒకరోజు నన్ను జనగామ తీసుకొచ్చి, ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసే షెడ్డులో యాకయ్య మేస్త్రికి అప్పజెప్పాడు. చుట్టుపక్కల ఊళ్లలో బావుల మీద మోటర్లు పెరుగుతున్న కాలం అది. ఎండాకాలం వచ్చిందంటే పల్లెల్లో ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోవడం, ఎడ్లబండ్ల మీదా ట్రాక్టర్ల మీదా మా షెడ్డుకు రావడం. వాటి వెంట రైతులు వచ్చి, దవాఖాన బయట కూర్చున్నట్టు షెడ్డు ముందర కూర్చునేవాళ్లు. మూత విప్పితే ఒక వాసన వచ్చేది. కాలిన కాగితం, మాడిన నూనె, దాని మీద వార్నిష్ తీపి. నాకు అది ఇప్పటికీ ఆకలి పుట్టించే వాసన, ఎందుకంటే వార్నిష్ పూసిన కాయిళ్లను పొయ్యిగదిలో ఆరబెట్టగానే మేస్త్రి మధ్యాహ్నం సద్ది విప్పేవాడు. మా అవ్వకు మాత్రం ఆ వాసన గిట్టేది కాదు. ఇంటికి పోగానే అంగీ వాకిట్లోనే విప్పించి, బూడిదతో చేతులు తోమించి, అప్పుడు లోపలికి రానిచ్చేది. ఆ తర్వాత జొన్నరొట్టె పెట్టి, ఇంత తోమినా రొట్టెకు నూనె వాసన వస్తుందని తనే సణిగేది.

నాకు ఇంగ్లీషు వచ్చిందంటే ఆ కాలిన ట్రాన్స్‌ఫార్మర్ల దయవల్లే. ప్రతిదానికీ ఒక ఇత్తడి పలక ఉంటుంది, దాని మీద వోల్ట్స్, యాంప్స్, ఫేజ్ అని చెక్కి ఉంటుంది. మసి తుడిచి ఒక్కో అక్షరం కూడబలుక్కునేవాణ్ణి. అట్లా నాకు ఇంగ్లీషులో మొదట వచ్చిన మాటలు అమ్మా నాన్నా కాదు, ఇంపీడెన్సూ ఆయిల్ లెవెలూ.

చుట్టేటప్పుడు మేస్త్రిని పలకరించడం పెద్ద నేరం. ఎడమ చేత్తో తీగ బిగువు పట్టి, కుడి చేత్తో పిడి తిప్పుతూ, నోట్లో లెక్క పెట్టుకుంటూ పోయేవాడు. వంద చుట్లకు ఒక చింతగింజ పక్క గిన్నెలో పడేది. ఒక కాయిల్‌కు వేల చుట్లు. మధ్యలో లెక్క తప్పిందా, మొత్తం విప్పాల్సిందే. నాకు తిప్పడం నేర్పిన కొత్తలో, జనగామ సంతకు వచ్చిన మా అవ్వ షెడ్డు గడపలో నిలబడి "తిన్నవా కొడుకా" అంది. కన్నతల్లి అడిగితే పలకకుండా ఎట్లా ఉంటాను? "తిన్న" అన్నాను. ఆ ఒక్క మాటకు ఇరవై మూడు చింతగింజల కాయిల్ విప్పాను. మేస్త్రి కోపం చేయలేదు. మా అవ్వను కూర్చోబెట్టి, చాయ తెప్పించి, "నీ కొడుకు తిన్నడో లేదో గింజలను అడుగవ్వా, నోటితోని చెప్పడు" అన్నాడు. ఆ తర్వాత మా అవ్వ షెడ్డుకు ఎప్పుడు వచ్చినా ముందు గిన్నె వైపు చూసేది.

ఇక అసలు సంగతి. కాయిల్ చుట్టి కోర్ మీదికి ఎక్కించాక అది మంచిదా చెడ్డదా తెలుసుకోవాలి. లోపల ఎక్కడైనా రెండు చుట్ల మధ్య పూత చెడి ఒకదానికొకటి అంటుకుంటే పైకి ఏమీ కనబడదు, పల్లెకు పోయి స్తంభం ఎక్కిన రెండో రోజే మళ్లీ కాలుతుంది. దీనికి పెద్ద షెడ్లలో ప్రత్యేకమైన మీటర్లుండేవి, మాకు అవి లేవు. మేస్త్రి దగ్గర రెండు టార్చ్ సెల్లులు, గుండ్రటి ముల్లు మీటరు ఒకటి ఉండేవి. మీటరు అద్దం మీద మూడింట రెండు వంతుల చోట సున్నంతో చుక్క పెట్టాడు. సెల్లులు కలిపితే ముల్లు ఒక్కసారి లేవదు. మెల్లగా, బద్ధకంగా, పొద్దున్నే పనికి పోవడం ఇష్టంలేని మనిషిలాగా లేస్తుంది. కాయిల్ కరెంటును లోపలికి రానివ్వకుండా మొరాయిస్తుంది. దీన్నే పుస్తకాలు ఇండక్టెన్స్ అంటాయి. మేస్త్రి మాత్రం మొండి అనేవాడు. "ఈ కాయిల్ల మొండి ఉన్నది, పని చేస్తది" అనేవాడు. మొండి లేని కాయిల్‌లో ముల్లు చటుక్కున లేచేది. అంటే లోపల చుట్లు అంటుకున్నట్టే.

మరి ముల్లు చుక్క దగ్గరికి రావడానికి ఎంతసేపు పట్టిందో ఎట్లా కొలవడం? మేస్త్రికి గడియారం లేదు. ఆయనది కేసముద్రం. ఇల్లు అక్కడ, పని జనగామలో, వారానికి ఒకసారి ప్యాసింజరు రైల్లో పోయి వచ్చేవాడు. ఆ దారిలోని స్టేషన్లే ఆయన గడియారం. సెల్లు తీగ కలిపి కేసముద్రం అనేవాడు, అది సున్నా. ఆ తర్వాత ఊపిరికి ఒక పేరు చొప్పున, ఎప్పుడూ ఒకే నడకలో, ఇంటికన్నె, నెక్కొండ, ఎలుగూరు, చింతలపల్లి, వరంగల్, కాజీపేట, పెండ్యాల, ఘన్‌పూర్, రఘునాథపల్లి, జనగామ. మా దగ్గరికి ఎక్కువ వచ్చే రకం ట్రాన్స్‌ఫార్మర్‌లో మంచి కాయిల్ అయితే ముల్లు ఘన్‌పూర్‌లో చుక్క తాకేది. వరంగల్ రాకముందే తాకిందంటే మేస్త్రి కాయిల్ విప్పడానికి పటకారు అందుకునేవాడు. కాయిల్ ఆయన మాట కాదనడం నేను చూడలేదు. రైతులు కూడా ఈ పరీక్ష నేర్చుకున్నారు. షెడ్డు బయట బీడీలు కాల్చుకుంటూ కూర్చుని, లోపలి నుంచి కాజీపేట అని వినబడితే "దాటింది, దాటింది" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. వాళ్ల వరి ఎండిపోకుండా ఉండాలంటే మేస్త్రి రైలు వరంగల్ దాటాలి మరి.

పని అయ్యాక తీగ విప్పడానికి ఒక పద్ధతుంది. ముందు కాయిల్ రెండు కొసలనూ ఒక ముక్కతీగతో కలిపి, ఆ తర్వాతే సెల్లులు తీయాలి. నేను మొదటిరోజు అది వినకుండా, టార్చ్ సెల్లులే కదా అని వేళ్లతో తీగ లాగేశాను. రెండు టార్చ్ సెల్లులు నన్ను ఎగరేసి వార్నిష్ డబ్బా మీద పడేశాయి. మేస్త్రి నన్ను లేపి, ఒళ్లంతా చూసి, ఏమీ కాలేదని తేలాక అప్పుడు నవ్వాడు. "రానియ్యనికె మొండి చేస్తది, పోనియ్యనికె గూడ మొండి చేస్తది. రెండూ యాదివెట్టుకో" అన్నాడు. తర్వాత నేను చదివిన ఏ పుస్తకమూ ఇంత పొట్టిగా చెప్పలేకపోయింది.

పుస్తకాల పిచ్చి ఎట్లా పట్టిందంటే, జనగామ బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద ఆ తప్పు లెక్క ఉన్న గైడు మొదటి అచ్చు దొరికింది. తెలుగులో ఉంది కాబట్టి కొన్నాను, కానీ ఆ తెలుగు నాకు ఇంగ్లీషు కంటే కష్టమైంది. ప్రేరకత్వం, కాలస్థిరాంకం, అభివాహం. ఒక్కో మాట దగ్గర ఒక్కో రోజు కూర్చున్నాను. ఒకరోజు సద్ది తింటూ కాలస్థిరాంకం అధ్యాయం చదువుతున్నాను. టైమ్ కాన్‌స్టెంట్‌కు తెలుగు పేరు అది. కాయిల్‌కు వోల్టేజీ ఇచ్చాక కరెంటు తన పూర్తి విలువలో నూటికి అరవై మూడు వంతులు చేరడానికి పట్టే సమయమే కాలస్థిరాంకం, ఇండక్టెన్స్‌ను రెసిస్టెన్స్‌తో భాగిస్తే అది వస్తుంది అని ఉంది. అరవై మూడు అంటే మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువ. ముద్ద నోట్లో ఉండగానే లేచి పోయి మీటరు మీది సున్నం చుక్కను చూశాను. మూడింట రెండు వంతులంటున్నాం గానీ, చుక్క దానికి వెంట్రుక మందం కిందనే ఉంది. మేస్త్రి చదువురాని మనిషి, ఆ చుక్కను చేతి అనుభవంతో పెట్టాడు. పుస్తకం రాసినవాడు పెద్ద చదువులు చదివి అదే చోట పెట్టాడు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంకెప్పుడూ కలగలేదంటే మా ఆమె ఒప్పుకోదు, పెళ్లి మాటేమిటంటుంది. దాని తర్వాత ఇదే అని రాస్తున్నాను.

ఆ ఊపులో అధ్యాయం వెనకాల ఉన్న లెక్కలన్నీ చేసుకుంటూ పోయాను, చుట్లు రెండింతలైన ఈ లెక్క దగ్గర ఆగిపోయాను. పుస్తకం ప్రకారం టైమ్ కాన్‌స్టెంట్ మారకూడదు. అంటే సగం కాయిల్‌కైనా పూర్తి కాయిల్‌కైనా ముల్లు ఒకే స్టేషన్‌లో చుక్క తాకాలి. చూద్దామని మేస్త్రిని అడిగాను. మా ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒక కాలు మీద, అంటే కోర్‌లోని ఒక నిలువు కడ్డీ మీద, కాయిల్ నాలుగు ముక్కలుగా ఉంటుంది. ముందు రెండు ముక్కలకే సెల్లులు కలిపాం. మేస్త్రి కేసముద్రంలో బయలుదేరాడు. చింతలపల్లిలో ముల్లు చుక్క తాకింది. తర్వాత నాలుగు ముక్కలూ కలిపాం. చింతలపల్లి పోయింది, వరంగల్ పోయింది, కాజీపేట పోయింది, పెండ్యాల పోయింది, ఘన్‌పూర్‌లో తాకింది. చింతలపల్లి నాలుగో స్టేషన్, ఘన్‌పూర్ ఎనిమిదోది. మూడుసార్లు చూశాం, మూడుసార్లూ అంతే. చుట్లు రెండింతలైతే తీగ పొడవు రెండింతలు, రెసిస్టెన్స్ రెండింతలు. టైమ్ కాన్‌స్టెంట్ కూడా రెండింతలైందంటే ఇండక్టెన్స్ నాలుగింతలు కావాల్సిందే. ఎక్కాలు వచ్చినవాడికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఎందుకట్లా అవుతుందో అర్థం చేసుకోవడానికి వారం పట్టింది. అర్థమైంది కూడా షెడ్డులో కాదు, మా ఇంట్లో. మా చిన్నాయన వాళ్లు ఏదో పని మీద వచ్చి మా ఇంట్లో దిగారు. ఐదుగురం ఉన్న ఇంట్లో పదిమందిమయ్యాం. మనుషులు రెండింతలే, గోల మాత్రం నాలుగింతలు. ఎందుకంటే మాట్లాడేవాళ్లూ రెండింతలయ్యారు, ఒక్కొక్క మాటను పట్టుకుని జవాబు చెప్పేవాళ్లూ రెండింతలయ్యారు. కాయిల్‌లో కూడా అంతే. ప్రతి చుట్టూ తన అయస్కాంతాన్ని కోర్‌లోకి పంపుతుంది, ఆ కోర్ మీదున్న ప్రతి చుట్టూ దాన్ని అందుకుంటుంది. రెండు కాయిళ్లను రెండు వేరు వేరు కోర్ల మీద దూరంగా పెడితే, రెండు వేరు ఇళ్ల లెక్క, అప్పుడు రెండూ రెండూ నాలుగే. ఒకే కోర్ మీద చుట్టి మళ్లీ నాలుగే అంటే కుదరదు.

ఈ ధైర్యంతోనే పర్మిట్ పరీక్షకు పోయాను. పర్మిట్ ఉంటే సొంతంగా షెడ్డు పెట్టుకోవచ్చు, బోర్డు మీద నా పేరు రాయించుకోవచ్చు. పరీక్షలో సరిగ్గా ఆ లెక్కే వచ్చింది. నవ్వుకుంటూ ఎనిమిది అని రాసి, కింద గీత కూడా గీశాను. రెండు రోజుల తర్వాత నోటి పరీక్షకు పిలిచారు. బల్ల అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న ఆఫీసరు చేతిలో నా జవాబు కాగితం ఉంది. ఆయనది కోస్తా మాట. నేను ఎక్కడివాణ్ణి, ఎవరి దగ్గర పని చేస్తానని అడిగి, ఈ ఎనిమిది ఎక్కడినుంచి వచ్చిందన్నాడు. చేసి చూసినం సార్ అన్నాను. ఏం చూశావు, సగం కాయిల్‌కు టైమ్ కాన్‌స్టెంట్ ఎంతొచ్చింది అన్నాడు. ఆయన అడిగింది సెకన్లలో. నా నోట్లో ఉన్నది వేరే.

"సగం కాయిల్‌కు చింతలపల్లి సార్. పూర్తి కాయిల్‌కు ఘన్‌పూర్."

ముగ్గురూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు బయట కూర్చున్నవాళ్ల దాకా పోయింది. ఎడమ పక్కాయన కళ్లు తుడుచుకుని, మరి విజయవాడ ఎప్పుడొస్తుందయ్యా అని అడిగాడు. నేను ముందు అర్థంకాక, అది ఈ దారిలో రాదు సార్, అటు దిక్కు అన్నాను. మళ్లీ నవ్వారు. నేను వివరం చెప్పబోయాను. స్టేషన్ అంటే ఒక ఊపిరి సార్, నాలుగుకు ఎనిమిది రెండింతలు సార్, కావాలంటే ఒక కాయిల్, రెండు సెల్లులు తెప్పించండి, ఇక్కడే చూపిస్త అన్నాను. ఆఫీసరు నవ్వు ఆపి, పక్కనున్న గైడు వెనక పేజీ తిప్పి, నాలుగు అనే ఉంది కదా అన్నాడు. పుస్తకం తప్పు సార్ అన్నాను. నువ్వు మాకు పరీక్ష పెట్టడానికి వచ్చావా, మేం నీకు పెట్టడానికి వచ్చామా అని అడిగి కాగితం పక్కన పెట్టాడు. అంతే.

జనగామకు తిరిగొచ్చి మేస్త్రికి చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది వాళ్ల మీద కాదు, నా మీద. "లెక్క నీదే కరెక్టు. గని ఆళ్లకు స్టేషన్లెందుకు చెప్పినవ్‌రా సోమయ్యా? గవి మన ఇంటి ముచ్చట్లు" అన్నాడు. తర్వాత దగ్గర కూర్చోబెట్టుకుని నచ్చజెప్పాడు. మళ్లీ పరీక్ష వస్తుంది, ఆ లెక్కే వస్తే నాలుగని రాయి, పర్మిట్ తెచ్చుకో, బయటికొచ్చాక ఎనిమిది ప్రకారం చుట్టుకో, కాయిల్ నిన్ను అడగదు అన్నాడు.

"రాయ మేస్త్రీ. ఆళ్లు పుస్తకం దిద్దినంకనే రాస్త."

"గట్లయితె నీకు పర్మిట్ రాదు బిడ్డా."

"రాకుంటె రాకపాయె."

అన్నట్టే రాలేదు. నేను మళ్లీ పరీక్షకు పోలేదు. పరీక్ష పెట్టినవాళ్లకు రెండు ఉత్తరాలు, పుస్తకం అచ్చువేసినవాళ్లకు మూడు ఉత్తరాలు రిజిస్టర్ పోస్టులో పంపాను. అందినట్టు సంతకంతో కార్డులు తిరిగొచ్చాయి, జవాబులు రాలేదు. తర్వాత భూపాలపల్లి దిక్కు బొగ్గు పనులు పెరిగాక అక్కడికి పోయి, మోటర్లు చుట్టే షాపుల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. షాపు బోర్డు మీద ఎప్పుడూ వేరేవాళ్ల పేరే, పర్మిట్ వాళ్లది, లోపల చేయి నాది. దీనికి బాధపడ్డానా అంటే, బోర్డు చూసినప్పుడల్లా కొంచెం. కానీ చుట్టిన ఏ కాయిలూ నన్ను తలదించుకునేట్టు చేయలేదు, ఇంట్లో పిల్లలకు తిండి తగ్గలేదు. పైగా నాలుగని రాసి ఉంటే ఈ వయసులో ఇంత గట్టిగా ఎవరితో పోట్లాడేవాణ్ణి?

ఇదంతా విని స్వప్న మా రైలు లెక్కకు నవ్వలేదు. ఫోన్ తీసి, తన తాత నడకలో స్టేషన్ల పేర్లు నాతో చెప్పించుకుని, ఒక్కో స్టేషన్‌కు రెండు సెకన్ల మీద ఇంకొంచెం పడుతోందని లెక్క తేల్చింది. మరుసటి వారం కాలేజీ ల్యాబులో ఒక కోర్ మీద ఐదు వందల చుట్లు చుట్టి కొలిచిందట, అదే కోర్ మీద ఇంకో ఐదు వందలు చుట్టి మళ్లీ కొలిచిందట. మీటరు కాయిల్‌కు తగిలించగానే ఇండక్టెన్స్ అంకెల్లో కనబడుతుందట ఇప్పుడు. మాకు షెడ్డంతా ఊపిరి బిగబట్టి చూసే పని, వీళ్లకు బటన్ నొక్కేంత సేపు. నాకు అసూయ కలిగింది, దాచను. కానీ ఒకటి గమనించాను. ఆ మీటరు ఆ ల్యాబులో ఎప్పటినుంచో ఉంది, ఆ గైడు ఆ బల్లల మీద ఎప్పటినుంచో ఉంది. ఈ రెండింటినీ ఒకచోట పెట్టి చూడాలని ఎవరికీ తోచలేదు. మాకు అట్లాంటి మీటరు లేదు కాబట్టి పుస్తకాన్ని అనుమానించాం. వాళ్లకు అన్నీ ఉన్నాయి కాబట్టి నమ్మారు. ఏది మంచి కాలమో నేను చెప్పను, నన్ను అడిగితే ఆ మీటరును మా షెడ్డులోకి పంపితే బాగుండేదంటాను.

స్వప్న ఫోన్ చేసి, "తాతా, నాలుగింతలే వచ్చింది. మా సారు గూడ చూసిండు" అంది. ఆ మాట వినడానికి నేను ఎన్నేళ్లు ఆగానో ఆ పిల్లకు తెలియదు. మా ఆమెను పిలిచి, ఫోన్ ఆమె చెవికి పెట్టి, మళ్లీ చెప్పించాను. ఆమెకు ఇండక్టెన్స్ అంటే ఏమిటో తెలియదు, అయినా "ఇగనన్న ఊకుంటవా" అంది. ఊకోలేదు. ఆరో ఉత్తరం రాశాను. ఈసారి అచ్చువేసినవాళ్లకు కాదు, గైడు రాసినాయన ఇంకా ఉన్నాడని, ఊరి పేరూ వీధి పేరూ స్వప్న కనుక్కుని చెప్తే నేరుగా ఆయనకే. కొలిచిన అంకెల కాగితం జతచేశాను. పరీక్షలో జరిగింది రాశాను, నవ్విన నవ్వు కూడా రాశాను. కొంచెం కటువుగానే రాశాను, పెద్దవాళ్లను అనగూడని మాట ఒకటి రెండు పడ్డాయి కూడా. రెండు నెలలు గడిచాయి. ఇదీ అంతేననుకున్నాను. పోయిన వారం పోస్టులో కవరు వచ్చింది. చేతిరాత వణుకుతూ ఉంది, కానీ ఒక్క కొట్టివేత లేదు. ఉన్నదున్నట్టు ఇక్కడ దించుతున్నాను:

"సోమయ్యగారికి నమస్కారం. మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. లెక్క చేయడానికి ఒక్కసారి చాలింది. నేను మొదట రాసిన లెక్కలో రెండు కాయిళ్లూ వేరు వేరు కోర్ల మీద ఉన్నాయి, పక్కన బొమ్మ ఉంది. అచ్చుకు పోయే ముందు పేజీలో చోటు చాలక బొమ్మ తీసేయమన్నారు. బొమ్మ లేకుండా అర్థం కావాలని 'అదే కోర్ మీద' అని నేనే మార్చాను, జవాబు మార్చడం మరిచాను. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆ లెక్కను కాలేజీలో నా నోటితోనే పిల్లలకు చెప్పాను. నాలుగని రాసినవాళ్లకు మార్కులు వేశాను. వాళ్లలో కొందరు ఇప్పుడు పెద్ద ఇంజనీర్లు, ఒక్కరూ అడగలేదు. ఎనిమిదని రాసినవాళ్లు కూడా ఒకరిద్దరు ఉండి ఉంటారు, వాళ్లకు ఏం చేశానో తలచుకుంటే రెండు రోజులు అన్నం సయించలేదు. పుస్తకం దిద్దమని ప్రెస్సుకు రాశాను, వాళ్లు ఒప్పుకున్నారు. మీ పది మార్కులు మీకు ఇప్పించే అధికారం నాకు లేదు, ఆ పర్మిట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే వయసూ నాకు లేదు. తప్పు నాది అని సంతకం పెట్టే అధికారం ఒక్కటి మిగిలింది. పెడుతున్నాను. జవాబు ఎనిమిది హెన్రీలు. టైమ్ కాన్‌స్టెంట్ సున్నా పాయింట్ నాలుగు సెకన్లు. మీరు పాసయ్యారు."